కె-14 అంటే ఏమిటి సార్?

తెలుగు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాల పరిశోధన సంచాలకులకు, పరిశోధన కేంద్రాల అధిపతులకు నమస్కారాలతో,

మొన్న జూన్‌లో, నారుమళ్లు పోసే రోజుల్లో నాకో ఫోన్ వచ్చింది. నేను పదవీ విరమణ చేసిన కేంద్రంలో కొత్తగా చేరిన వరి బ్రీడర్, అంటే కొత్త వంగడాలు రూపొందించే శాస్త్రవేత్త, ఆ అమ్మాయి. "సార్, కోల్డ్ రూమ్ సర్దుతుంటే మీ పొట్లాలు కొన్ని దొరికాయి. ఒకదాని మీద 'కె-14, మంచిది, వదలొద్దు' అని మీ చేతిరాత ఉంది. కె-14 అంటే ఏమిటి సార్?" అని అడిగింది.

నాకు గుర్తు రాలేదు. ఆ రాత్రి నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు. కె అంటే కృష్ణవేణి అనే వరి రకం కావచ్చు. ఉల్లికోడు పురుగును తట్టుకుంటుందని కావ్య అనే రకాన్ని కూడా అప్పట్లోనే తల్లిగా వాడాను, కాబట్టి కావ్య కావచ్చు. ఏమో, ఉత్త ఖరీఫే కావచ్చు. 14 అన్నది సాలు నంబరా, మొక్క నంబరా, క్రాస్ (సంకరం) నంబరా? మంచిదని ఎందుకు రాశాను? దోమకు నిలబడిందనా, గింజ సన్నమనా, గాలివానకు పడిపోలేదనా? రాసిన రోజున ఇవన్నీ నాకు తెలుసు. తెలుసు కాబట్టే రాయలేదు.

అందువల్ల ఈ లేఖను మీ మీద ఫిర్యాదుగా తీసుకోకండి. ముప్పై ఏళ్లకు పైగా వరి మళ్లలో తిరిగి, లెక్కల పుస్తకాల విషయంలో తప్పులు చేసినవాడు, ఆ తప్పులు ఇంకొకరు చేయకూడదని రాస్తున్న ఉత్తరం ఇది. మన బ్రీడింగ్ రికార్డులను కంప్యూటర్‌లో పెట్టే పని ఇప్పటికైనా ఒక పద్ధతి ప్రకారం మొదలుపెట్టండి. దాన్ని ఏ ఒక్క శాస్త్రవేత్త ఓపికకో వదిలేయకండి.

ఈ లేఖ చదివేవాళ్లలో మా వృత్తి తెలియనివాళ్లూ ఉంటారు కనుక రెండు మాటలు. బ్రీడింగ్ అనగానే రెండు మొక్కల్ని కలపడం అనుకుంటారు. కలపడం రెండు పూటల పని. సాయంత్రం తల్లి మొక్క వెన్ను మీద పువ్వుల కొనలు కత్తిరించి, ఒక్కో పువ్వులోంచి ఆరు పుప్పొడి తిత్తుల్నీ తీసేసి, కాగితం సంచి తొడుగుతాం. మర్నాడు పొద్దెక్కాక తండ్రి వెన్ను తెచ్చి దాని మీద పుప్పొడి దులుపుతాం. అంతే. ఆ తర్వాత ఆరేడేళ్లు జరిగేదంతా ఏరడం, రాయడం. రెండో తరంలో రెండు మూడు వేల మొక్కలు నాటి వాటిలో ఓ నూటయాభై ఏరితే, మరుసటి పంటకు నూటయాభై సాళ్లవుతాయి. ఒక్కో సాలులో మళ్లీ రెండో మూడో మొక్కలు. ఏరిన ప్రతిసారీ నంబరుకు ఒక తోక మొలుస్తుంది. 4 కాస్తా 4-7 అవుతుంది, ఆ పైన 4-7-2 అవుతుంది. ఆ తోకలోనే మొక్క ఇంటిపేరు, గోత్రం, తాతముత్తాతలు అన్నీ ఉంటాయి. అది తెగితే చేతిలో మిగిలేది పిడికెడు వడ్లు.

ఈ తోక విలువ తెలియాలంటే ఐఆర్8 అనే వరిని చూడండి. 1962లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఇర్రీలో చేసిన సంకరాల్లో ఎనిమిదోది, పీటా అనే రకానికీ డీ-జియో-వూ-జెన్ అనే రకానికీ కుదిర్చినది. ఐఆర్8-288-3 అన్నది దాని నిండు పేరు. 1966లో విడుదలైంది. ఆ మరుసటి ఏడే మన పశ్చిమ గోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు దాన్ని పండించి చూపించారు. అరవై ఏళ్లు గడిచినా ఆ పేరు చదివినవాడికి అది ఎన్నో క్రాసు, ఏ వరసలో ఏరారు అన్నది తెలుస్తుంది. అప్పుడు అక్కడ కంప్యూటర్ లేదు, నంబరు వేసే క్రమశిక్షణ ఉంది. మనకిప్పుడు ప్రతి బల్ల మీదా కంప్యూటర్ ఉంది. నంబరు మాత్రం ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు వేసుకుంటున్నాం.

మనం రోజూ తినే సాంబ మసూరి సంగతి చూద్దాం. 1986లో బాపట్ల నుంచి విడుదలైన బీపీటీ 5204. దాని వంశం కాగితం మీద రాస్తే ఒక్క వరస: జీఈబీ 24, తైచుంగ్ నేటివ్ 1, ఈ రెండింటి సంతానానికి మళ్లీ మసూరి. ఈ ఒక్క వరసలో ఎన్ని ఊళ్లున్నాయో చూడండి. జీఈబీ 24 కోయంబత్తూరులో 1921 నాటిది, కిచ్చిలి సాంబ నుంచి ఏరినది. తైచుంగ్ నేటివ్ 1 తైవాన్ పొట్టి వరి. మసూరి తల్లిదండ్రులు జపానికా జాతికి చెందిన తైచుంగ్ 65, మలయా వరి మాయంగ్ ఈబోస్ 80. కటక్‌లో జపాన్ తరహా (జపానికా), మన తరహా (ఇండికా) వరులను కలిపిన సంకరాల పథకంలో పుట్టి, 1965లో మలేసియాలో విడుదలై, మళ్లీ మన దగ్గరికి చేరింది. ఈ దారిలో ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు "మలయా రకం, మంచిది" అని రాసి ఊరుకుని ఉంటే ఈ కథలో సగం మనకు దొరికేది కాదు.

కథ దొరకడం ఒక్కటే కాదు లాభం. సాంబ మసూరికి ఎండాకు తెగులు బెడద ఎక్కువ. రుచి చెడకుండా, గింజ మారకుండా ఆ తెగులును తట్టుకునే మూడు జన్యువులను దానిలోకి తెచ్చి, హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ కలిసి 2008లో మెరుగైన సాంబ మసూరిని ఇచ్చాయి. ఏ తరంలో ఏ మొక్కలో ఏ జన్యువు ఉందో, ఏ మొక్కను తిరిగి సాంబతో కలిపారో ఒక్క సాలు తేడా లేకుండా రాసుకుంటే తప్ప అలాంటి పని కుదరదు.

ఇంకో వంశం చెప్పి ఈ విషయం ముగిస్తాను. ఇది మీ రెండు విశ్వవిద్యాలయాలకూ సంబంధించినది. తెలంగాణ సోనా అని మురిపెంగా పిలుచుకునే ఆర్ఎన్ఆర్ 15048 రాజేంద్రనగర్ బిడ్డ. దాని తల్లి ఎంటీయూ 1010, పశ్చిమ గోదావరి మారుటేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన కాటన్ దొర సన్నాలు. తండ్రి జేజీఎల్ 3855, జగిత్యాలది. ఆ మారుటేరు తల్లి కృష్ణవేణికీ ఐఆర్64కీ పుట్టింది. 1964లో మొదలైన విశ్వవిద్యాలయం 2014లో రెండైంది. ఉద్యోగులు, భవనాలు, ఫైళ్లు పంచుకున్నారు. వరికి మాత్రం ఆ సంగతి తెలియదు. ఒక రాష్ట్రం వంగడాల వంశవృక్షం గీయబోతే రెండో కొమ్మ పక్క రాష్ట్రంలో తేలుతుంది. అందుకే కనీసం తల్లిదండ్రులుగా వాడే వంగడాల పట్టికైనా రెండు విశ్వవిద్యాలయాలకూ ఒకటే ఉండాలి. ఇందులో నీళ్ల తగాదా లేదు, ఆస్తుల పంపకం లేదు.

ఇక పేర్ల గొడవ. మారుటేరు పుస్తకంలో ఎంటీయూ 7029. అఖిల భారత వరి ట్రయల్స్‌లో దానికో ఐఈటీ నంబరు. విడుదలయ్యాక స్వర్ణ. రైతు నోట డెబ్బై ఇరవై తొమ్మిది. అన్నీ ఒకటే మొక్క. దీనికి తిరకాసుగా, ఒకే పేరుతో రెండు మొక్కలూ ఉంటాయి. సోనా మసూరి అన్నది అసలు బీపీటీ 3291, కానీ బజార్లో ఆ పేరుతో అమ్మే బియ్యంలో చాలా భాగం 5204. నా పాత పుస్తకాల్లో తల్లి గడిలో "ఎస్.ఎం." అని చాలాచోట్ల ఉంది. సాంబ మసూరో, సోనా మసూరో నేనే తేల్చలేకపోతున్నాను. ఊళ్లో పదిమంది సుబ్బారావులుంటే ఇంటిపేరు లేకుండా ఉత్తరం ఎవరికి ఇస్తాడు పోస్ట్‌మన్?

కంప్యూటర్ చేయగల మొదటి మేలు ఇక్కడే ఉంది. ఇర్రీ, దాని తోటి సంస్థలు ఎప్పుడో కనిపెట్టిన ఉపాయం ఒకటుంది. ప్రతి వంగడానికీ, ప్రతి క్రాసుకూ, ఏరిన ప్రతి మొక్కకూ అర్థం పర్థం లేని ఒక వరస సంఖ్య ఇస్తారు. దాన్ని జీఐడీ అంటారు. అర్థం లేకపోవడమే దాని గొప్ప. ఆ సంఖ్య ఎప్పటికీ మారదు, ఇంకో మొక్కకు ఇవ్వరు. తల్లి సంఖ్య, తండ్రి సంఖ్య, ఎలా పుట్టింది అన్నవి దానికి తగిలించి ఉంటాయి. పేర్లు ఎన్నయినా పెట్టుకోండి, అన్నీ ఆ సంఖ్య కిందే చేరతాయి. పటాన్‌చెరులో ఇక్రిశాట్ జీన్ బ్యాంకు లక్షా ఇరవై వేలకు పైగా నమూనాలను దాచి ఉంచింది. జొన్న అయితే ఐఎస్, శనగ అయితే ఐసీసీ, వేరుశనగ అయితే ఐసీజీ, ఆ పక్కన ఒక సంఖ్య. ప్రపంచంలో ఎక్కడ ఏ పరిశోధన పత్రంలో ఆ సంఖ్య కనిపించినా అది ఏ గింజో తెలుసుకోవచ్చు. హైదరాబాద్ నుంచి గంట ప్రయాణంలో కళ్లెదుట ఇంత పద్ధతి ఉంటే, మనం ఇంకా కె-14ల దగ్గరే ఉన్నాం.

"మా దగ్గర అంతా ఎక్సెల్‌లోనే ఉంది కదా" అంటారు మీలో కొందరు. నేనూ అలాగే అన్నాను, చాలా ఏళ్లు.

ఎక్సెల్ షీటు తెరిచి ఒక గడిలో 4-7-2 అని కొట్టి ఎంటర్ నొక్కండి. అది 2002 జూలై 4గా మారిపోతుంది. కంప్యూటర్‌లో తేదీలు అమెరికా పద్ధతిలో ఉంటే ఏప్రిల్ 7 అవుతుంది. మీరు కంగారుపడి ఆ గడిని మామూలు సంఖ్యగా మారిస్తే 37441 అని వస్తుంది. నాలుగో మొక్క, దాని ఏడో బిడ్డ, దాని రెండో మనవడు, మొత్తం వంశం ముప్పై ఏడు వేల చిల్లర అయి కూర్చుంటుంది. వెనక్కి తెచ్చే బటన్ లేదు. టైపు చేసే అబ్బాయి ఇది గమనించకుండా మూడొందల వరసలు కొట్టుకుపోతాడు. కొట్టేముందే ఆ నిలువు వరసను టెక్స్ట్‌గా మార్చుకోవాలి, లేదా నంబరు ముందు కేంద్రం అక్షరాలు పెట్టాలి. ఇంత చిన్న సంగతి మాకెవరూ చెప్పలేదు. దీన్ని మన అజ్ఞానం అని తీసిపారేయకండి. మనుషుల జన్యువులకు పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ సంఘమే ఈ బాధ పడలేక, సెప్ట్1, మార్చ్1 వంటి పేర్లను ఎక్సెల్ సెప్టెంబరు, మార్చి తేదీలుగా మార్చేస్తోందని 2020లో ఆ పేర్లనే మార్చుకుంది.

నేను చేసిన ఇంకో ఘనకార్యం కూడా ఒప్పుకుంటాను. ఒక రబీలో నలభై లైన్ల ట్రయల్, అంటే ఏరి నిలబెట్టిన నలభై వంశాల పోటీ. దిగుబడి ఎక్కువ నుంచి తక్కువకు సర్దుదామని ఆ ఒక్క నిలువు వరసనే ఎంచుకుని సార్ట్ నొక్కాను. దిగుబడులన్నీ బుద్ధిగా వరసలో నిలబడ్డాయి, పేర్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. అప్పుడు నాకు తెలియలేదు. మరుసటి ఖరీఫ్‌లో "మొదటి" ఆరింటినీ పెద్ద మళ్లలో వేశాం. వెన్ను తొంగిచూశాక, కేంద్రంలో ఏళ్ల తరబడి ట్యాగులు కట్టే ఆమె గట్టు మీద నిలబడి, "సారూ, ఇది మనం పోయినేడు మెచ్చుకున్న సన్నం కాదండి. ఇది లావుది, గుర్తులేదా?" అంది. గుర్తులేదు. ఆమెకు గుర్తుంది. పుస్తకం తీసి చూస్తే ఆమె చెప్పిందే నిజం. ఒక పంటకాలం, ఆరు మళ్లు, ఎరువులు, కూలీలు అన్నీ బూడిదలో పోసిన పన్నీరయ్యాయి. పుస్తకం లేకపోయుంటే, ఆమె లేకపోయుంటే, ఆ లావు గింజ ఎంత దూరం పోయేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ.

కొలతల గురించి ఒక్క ఉదాహరణ చాలు. "మడి దిగుబడి 3.2" అని షీటులో ఉంది. కిలోలే అనుకుందాం. మడి 5 చదరపు మీటర్లయితే హెక్టారుకు 6,400 కిలోలు, 10 అయితే 3,200. మొదటిది విడుదలకు పంపదగ్గ లైను, రెండోది పశువులకు. మడి కొలత పక్కన రాయకపోతే ఆ అంకెకు విలువ లేదు. గింజలో తేమ ఎంతో రాయకపోయినా అంతే. మంచి డేటాబేస్ ఈ గడులు నింపనిదే ముందుకు పోనివ్వదు. మొక్క ఎత్తు 1,120 సెంటీమీటర్లు అని కొడితే, "ఇది వరా, కొబ్బరి చెట్టా?" అన్నట్టు అక్కడే ఆపుతుంది. ఎక్సెల్ అలా ఆపదు, దానికి మొహమాటం ఎక్కువ.

పనిముట్లు లేవని అనుకోవద్దు, డబ్బూ పెద్దగా అక్కర్లేదు. కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో తయారైన ఫీల్డ్ బుక్ అనే ఆండ్రాయిడ్ యాప్ ఉచితం. సిగ్నల్ లేని పొలంలోనూ పనిచేస్తుంది. మడి దగ్గర బార్‌కోడ్ చూపిస్తే ఆ మడి పేజీ తెరుచుకుంటుంది, పూత తేదీ, ఎత్తు, పిలకలు, తెగులు తీవ్రత అక్కడికక్కడే కొట్టొచ్చు. పుస్తకంలో రాసి, ఆఫీసుకొచ్చి మళ్లీ టైపు చేసే రెండో తప్పు తప్పుతుంది. ఆఫ్రికాలో కర్రపెండలం బ్రీడింగ్ కోసం కట్టిన డేటాబేస్ నుంచి పెరిగిన బ్రీడ్‌బేస్ కూడా ఉచితమే, ఎవరైనా తమ సర్వర్‌లో పెట్టుకోవచ్చు. ఏది ఎంచుకోవాలన్న దాని మీద కమిటీ వేసి రెండేళ్లు గడపకండి. వీటి మధ్య డేటా మార్చుకునే ఉమ్మడి పద్ధతులు ఇప్పుడున్నాయి, రేపు ఇల్లు మారినా సామాను పోదు. కొత్తగా మనకోసమే ఒక పోర్టల్ కట్టించాలన్న ముచ్చట మాత్రం మానుకోండి. ప్రారంభోత్సవం రోజున కొబ్బరికాయ కొట్టి, మూడో ఏడు పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో తెలియని పోర్టళ్లు నా సర్వీసులో చాలానే చూశాను.

అసలు అడ్డంకి యంత్రాలు కావు. భయం. "నా లైన్లన్నీ అందరికీ కనిపించే చోట పెడితే పక్క గదిలోవాడు ఎత్తుకుపోడా?" ఈ మాట బయటికి ఎవరూ అనరు, లోపల అందరికీ ఉంది. నాకూ ఉండేది. పదేళ్లు చెమటోడ్చిన లైను ఇంకొకరి పేరుతో విడుదలైతే ఎలా ఉంటుందో పడినవాడికే తెలుసు. పదోన్నతి పత్రాల్లో విడుదలైన వంగడాలకు మార్కులున్నాయి, అచ్చయిన వ్యాసాలకు మార్కులున్నాయి. శుభ్రంగా రాసిన పదేళ్ల రికార్డుకు ఒక్క మార్కు లేదు. అలాంటప్పుడు బీరువాకు తాళం వేసుకునేవాణ్ని తప్పుపట్టలేం. నిజానికి డేటాబేసే వాడికి రక్షణ. ఏ క్రాసు ఎవరు ఎప్పుడు చేశారో, ఎవరు ఏరారో తేదీతో సహా అందులో ఉంటుంది. బీరువాలో పుస్తకానికి ఆ సాక్ష్యం లేదు. కొన్నేళ్లపాటు ఆ లైన్లను చేసినవాళ్లు మాత్రమే చూసే వీలు పెట్టండి, ఆ తర్వాత కేంద్రం అంతటికీ తెరవండి. రికార్డుకు మార్కులివ్వండి. ఈ రెండూ చేయకుండా ఎంత మంచి సాఫ్ట్‌వేర్ తెచ్చినా అందులో ఖాళీ గడులే ఉంటాయి.

చట్టం వైపు నుంచీ ఇది తప్పనిసరి అవుతోంది. 2001 నాటి మొక్కల వంగడాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కింద వంగడం నమోదు చేయాలంటే దాని తల్లిదండ్రుల వివరాలివ్వాలి, ఆ జన్యు సామగ్రి న్యాయంగా వచ్చిందని ప్రకటించాలి. అలా దక్కే హక్కు వరి వంటి పంటలకు పదిహేనేళ్లు. తల్లి గడిలో "ఎస్.ఎం." అని రాసుకున్నవాడు ఆ దరఖాస్తులో ఏం రాస్తాడు?

పారేసిన లైన్ల గురించి కూడా ఒక మాట. మన పుస్తకాల్లో గెలిచినవాటి చరిత్రే మిగులుతుంది, "వదిలేశాం" అన్నవాటికి పక్కన ఒక అడ్డగీత. ఎందుకు వదిలేశామో ఉండదు. కాలపరిమితి ఎక్కువనో, గింజ లావనో వదిలేసిన దాంట్లో రేపు కావలసిన గుణం ఉండొచ్చు. ఒడిశా వరి ఎఫ్ఆర్13ఎ పొడుగ్గా పెరిగే పాత రకం, దిగుబడి ప్రకారమైతే ఎవరూ తలవరు. కానీ రెండు వారాలు నీట మునిగినా బతుకుతుందని ఎవరో రాసి పెట్టారు. దాని నుంచి వచ్చిన సబ్1 జన్యువును మన స్వర్ణలో కలిపి 2009లో స్వర్ణ సబ్1 విడుదల చేశారు. కాబట్టి కంప్యూటర్‌లో "తొలగించు" అన్న బటన్ బ్రీడర్‌కు ఇవ్వకండి. "ఆపేశాం, కారణం ఇది" అన్న గడి ఇవ్వండి.

నేను విరమణ చేసిన రోజున నో డ్యూస్ కాగితం మీద పద్నాలుగు సంతకాలు పెట్టించుకున్నాను. లైబ్రరీ పుస్తకం ఒకటి తిరిగివ్వలేదని రెండ్రోజులు ఆపారు. స్టోర్స్‌లో ఒక కాలిక్యులేటర్ నా పేరున ఉందని దాన్ని వెతికించారు. క్రాసింగ్ రిజిస్టర్లు ఎక్కడున్నాయి, ఎవరికి అప్పగించారు, వాటిలోని గుర్తుల అర్థమేమిటి అని అడిగే గడి ఆ కాగితంలో లేదు. ఇరవై రెండు పుస్తకాలు. కొన్ని నా వెంట ఇంటికొచ్చాయి, కొన్ని అక్కడే ఉండిపోయాయి, అక్కడున్న వాటిలో రెండింటిని చెదలు తిన్నాయని ఆ అమ్మాయి చెప్పింది. బదిలీ అయినా, విరమణ అయినా, రికార్డు అప్పగిస్తేనే ఆఖరి సంతకం అన్న నిబంధన పెట్టండి. దానికి ఒక సర్క్యులర్ చాలు.

పాత పుస్తకాలను స్కాన్ చేయించడం వచ్చే వేసవిలోనే మొదలుపెట్టండి. స్కాన్ చేయడానికి ఏజెన్సీలు దొరుకుతాయి, చదవడానికి దొరకవు. పక్కన ఆ పుస్తకం రాసినవాళ్లను కూర్చోబెట్టండి. మాలో చాలామందికి డెబ్బై దాటాయి, కొందరు లేరు. ప్రయాణం ఖర్చులు కూడా అడగం, టీ ఇప్పిస్తే చాలు. ట్యాగులు కట్టినవాళ్లను, ఫీల్డ్ అసిస్టెంట్లను కూడా పిలవండి. మాకు గుర్తులేనివి వాళ్లకు గుర్తుంటాయి.

కె-14 సంగతి. ఆ అమ్మాయి పొట్లంలోని గింజలు తడిపితే నాలుగో వంతు మొలిచాయట. ఈ ఖరీఫ్‌లో ఒక సాలు వేసింది, దానికి ఒక పక్క కృష్ణవేణి, ఇంకో పక్క కావ్య. డీఎన్ఏ పరీక్షకు ఆకులు కూడా పంపిందట, దానికయ్యే ఖర్చుకు మంజూరు కోసం ఫైలు పెట్టింది. అప్పుడు నేను పెన్సిల్‌తో ఇంకో రెండు మాటలు రాసి ఉంటే ఆ ఫైలు మీ బల్ల మీదికి వచ్చేది కాదు. వచ్చింది కనుక దయచేసి సంతకం పెట్టండి. దాని తల్లి ఎవరో తెలిశాక, ఆ అమ్మాయి తెరిచిన కొత్త పట్టికలో దానికి మొదటి సంఖ్య ఇస్తానంది.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ఒక వరి బ్రీడర్